జాతి యను మాటయు, జీవపరిణామ వాదమును

నర్సీపట్నం ప్రాంతమున పొలముపనికి పోవువారు రక్తపింజరిని, కట్లపామును చూచినంతనే వేరుపరుపగలరు. ఒకటి గట్టిగా బుసకొట్టును; రెండవది చడిచప్పుడు లేక రాత్రివేళ కరచును. ప్రాణరక్షణ కొరకు ఏర్పడిన ఈ వర్గీకరణము వారి అవసరమునకు చాలును. కాని శాస్త్రజ్ఞుడు మరియొకటి అడుగును: ఈ రెండింటికి నడుమ బంధుత్వ మున్నదా? సృష్టివాదులకును పరిణామవాదులకును గల వివాదమంతయు ఈ ప్రశ్నయందే యిమిడియున్నది.

మన పూర్వులు ప్రాణులను అండజములు, జరాయుజములు, స్వేదజములు, ఉద్భిజ్జములు అని పుట్టుక రీతిని బట్టి నాలుగు తెగలుగా విభజించిరి. ఆ కాలమునకు అది గొప్ప ప్రయత్నమే. అయినను కట్లపాము గ్రుడ్లు పెట్టును. రక్తపింజరి పిల్లలనే కనును. పుట్టుక రీతి నొక్కదానినే ప్రమాణముగా గైకొన్నచో కట్లపాము కోడి సరసనను, పింజరి మనుష్యుని సరసనను నిలువవలసివచ్చును. ఇక పేను చెమటనుండి పుట్టదనియు, ఈపినుండి పుట్టుననియు బిడ్డల తల దువ్విన ప్రతి తల్లియు ఎరుగును.

పదునెనిమిదవ శతాబ్ది చివరిభాగమున విశాఖపట్నములో ఈస్టిండియా కంపెనీ కొలువున నుండిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు ఈ తీరపు పాములను సేకరించి, ఇచ్చటివారు చెప్పిన తెలుగు పేర్లతో వర్ణించి, 1796లో లండనులో గ్రంథము ప్రకటించెను. రక్తపింజరికి శాస్త్రములో ఆయన పేరే నిలిచినది. ఆయన వ్రాసికొన్న ‘బంగారం పాము’ అను మాటనుండియే కట్లపాముల ప్రజాతికి ‘బంగారస్’ అను నామము వచ్చినది. మన కూలివాని నోటిమాట ప్రపంచశాస్త్రములో నేటికిని చెల్లుచున్నదని మనలో ఎందరికి తెలియును?

రస్సెల్ కాలమున వర్గీకరణమునకు స్వీడను దేశీయుడైన లిన్నేయసు పద్ధతి ఆధారము. దేవుడు ఆదిలో ఎన్ని రూపములు సృజించెనో అన్నియే జాతులని ఆయన తొలుత నమ్మెను. కడపట సంకరము వలన క్రొత్తజాతులు పుట్టవచ్చునని కొంత సడలెను. జాతులు ప్రజాతులలోను, అవి క్రమములలోను ఇమిడియుండుట ఆయన చూపిన విశేషము. ఇట్లు ఏల ఇమిడియున్నవి? సృష్టికర్త సంకల్పమని సృష్టివాది చెప్పును. 1859లో డార్విను వేరొక సమాధానము చెప్పెను: ఇది వంశవృక్షము, దగ్గరి పోలిక దగ్గరి చుట్టరికమునకు గుర్తు.

మన మన్యములోని కొండచిలువ తోక మొదట ఇరుప్రక్కల చిన్న గోళ్ళవంటివి యుండును. వాని వెనుక, దేహములోపల, కటివలయము యొక్కయు తొడయెముక యొక్కయు శేషములు కలవు. జతకూడునపుడు మగపాముకు ఆ గోళ్ళు ఉపకరించుననుట నిజమే. సృష్టివాది ఇదియే చెప్పును. ఉపకరించుగాక. కాళ్ళులేని ప్రాణికి ఆ పనికై తొడయెముకయే ఏల కావలసివచ్చెను? కాళ్ళుగల పూర్వికులనుండి వచ్చినదన్నచో చిక్కు వీడిపోవును.

శాస్త్రజ్ఞులు జాతుల హద్దులను పదేపదే మార్చుచుందురని సృష్టివాదుల ఆక్షేపణ. మార్చుచునే యున్నారు. తోడేలునకును కుక్కకును నడుమ గీత ఎచ్చట గీయవలెనని నేటికిని వాదింతురు. అయితే మెల్లమెల్లగా చీలిన వంశములలో హద్దులు మసకగా నుండుట సహజము. దేనికది విడిగా సృజింపబడినచో ఆ మసక యుండనక్కరలేదు.

వివాదము పరదేశములకే పరిమితము కాదు. 2019 జనవరిలో జలంధరున జరిగిన భారత విజ్ఞాన మహాసభలో ఆనాటి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి, దశావతార సిద్ధాంతము డార్విను వాదముకంటె మేలైనదని పలికిరి. పురాణమును ప్రయోగశాలకు ఈడ్చుట పురాణమునకు గౌరవమా? భక్తుడు మత్స్యావతారమును తలచుట చేపల వంశావళి తెలిసికొనుటకు కాదుకదా.

మనకు ఇందులో వేరొక చిక్కు కలదు. తెలుగున ‘జాతి’ యను మాట ప్రాణిభేదమునకును కులభేదమునకును ఒకటియే. పాముల జాతిభేదము ప్రకృతిలో నున్నది. మనుష్యులలో ఎట్టి ఇరువురు స్త్రీపురుషులు కలిసినను సంతానము కలుగును, ఆ సంతానమునకును సంతానము కలుగును. జీవశాస్త్రరీత్యా మనుష్యులందరిది ఒకే జాతి. ముఖమునుండి కొందరు, పాదములనుండి కొందరు పుట్టిరను మాట కూడ ఒకవిధమైన ప్రత్యేకసృష్టివాదమే. కల్యాణమున హరళయ్య కొడుకునకు మధువరసుని కూతు నిచ్చినపుడు శరణులు జీవశాస్త్రము చదివి యుండలేదు. ఆ పెండ్లికి శిక్షగా ఆ తండ్రు లిరువురును ప్రాణములు బాసిరి. పరిణామవాదమును వక్రముగా చదివి పాశ్చాత్యులు మానవులను మేలిరకములుగా, హీనరకములుగా తూచిన చరిత్రయు కలదు. కావున ఆ వాదమును మెచ్చువారును జాగరూకులై యుండవలెను.

ప్రాణులతో బంధుత్వము మనుష్యుని చిన్నబుచ్చునని కొందరి బాధ. సకలప్రాణులయందు దయ చూపుమనిన బసవేశ్వరుని అనుయాయులకు ఈ బాధ ఎందుకో నాకు తెలియరాదు.

2023లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి పదవ తరగతి పుస్తకమునుండి పరిణామ భాగమును తొలగించి, అధ్యాయమునకు అనువంశికత యను పేరు మాత్రమే మిగిల్చినది. పండ్రెండవ తరగతి జీవశాస్త్రములో అది యున్నది. కాని పదవతో ఆ శాస్త్రమును విడుచు పిల్లలు ఆ పుటలను చూడరు. మఠముల పాఠశాలలలోనైన ఒక గంట కేటాయించి, కొండచిలువ యెముకల బొమ్మ నల్లబల్లపై గీచి చెప్పుటకు అభ్యంతరమేమియు నాకు కనబడదు.