లెక్కించడం, లెక్కచేయడం

1925లో ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’లో ఒక పేపర్ వచ్చింది. రక్తంలోనో మూత్రంలోనో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవడానికి ఒక పద్ధతి. నమూనాలో మాలిబ్డేట్ కలిపి, ఇంకో రసాయనం చేరిస్తే నీలం రంగు తేలుతుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువున్నట్టు. అంతే పని. రాసినవాళ్ళు ఇద్దరు. ఒకరు హార్వర్డ్ మెడికల్ స్కూల్లో పనిచేసే సైరస్ ఫిస్క్, రెండోవారు ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1922లో బోస్టన్ చేరినవాడు. ఈ వందేళ్ళలో ఆ పేపర్‌ని వేలసార్లు ఉదహరించారు. ఒక పేపర్ తన రాతలో ఇంకో పేపర్ని పేరుపెట్టి చూపడాన్ని సైటేషన్ అంటారు కదా, ఆ సైటేషన్లే పరిశోధకుల లోకంలో కరెన్సీ. ఆ కరెన్సీలో చూస్తే సుబ్బారావు కోటీశ్వరుడు కావాలి.

కాలేదు. యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’ అచ్చువేయడం మొదలుపెట్టినప్పుడు, ఎవరి పనిని ఎవరు ఉదహరించారో చూపే ఆ లావుపాటి పుస్తకాల్లో ఒక్కో పేపర్నీ మొదటి రచయిత పేరు కిందే వేసేవారు. కాబట్టి ‘ఎఫ్’ దగ్గర ఫిస్క్ కింద చూస్తే ఈ పేపర్ వరసలకు వరసలు కనిపిస్తుంది. ‘ఎస్’ దగ్గర సుబ్బారావు కింద వెతికితే లేదు. ఎవరూ కుట్ర చేయలేదు. అలా చేస్తే పుస్తకం సైజు తగ్గుతుంది, అంతే. డేటాబేస్‌లతో పనిచేసేవాణ్ణి కనుక ఆ నిర్ణయం నాకు బాగా అర్థమవుతుంది. ఏ కాలమ్‌ని ఇండెక్స్ చేయాలో నిర్ణయించిన రోజునే ఎవరు దొరుకుతారో, ఎవరు దొరకరో కూడా నిర్ణయమైపోతుంది. ఆయన పేరు నిలిచింది వేరే దారిలో. ప్రయోగశాలల్లో జనం దాన్ని ‘ఫిస్క్–సుబ్బారావు పద్ధతి’ అని పిలవడం వల్ల.

ఈ లెక్కల సంగతి నేను పట్టించుకోవడానికి కారణం ఒక స్నేహితురాలు. హైదరాబాద్‌లో ఒక బయోమెడికల్ ల్యాబ్‌లో పోస్ట్‌డాక్. ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టాలంటే తన పేపర్లెన్ని, సైటేషన్లెన్ని, హెచ్-ఇండెక్స్ ఎంత, అన్నీ పట్టికలో నింపాలి. వేర్వేరు వెబ్‌సైట్లు వేర్వేరు అంకెలు చూపిస్తున్నాయి, కాస్త ప్రోగ్రాం రాసి సరిచేసి పెట్టమంది. హెచ్-ఇండెక్స్ అంటే కష్టమేం కాదు. కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో ఉండే భౌతికశాస్త్రవేత్త జార్జ్ హిర్ష్ 2005లో ప్రతిపాదించాడు. మీ పేపర్లని ఎక్కువ సైటేషన్లున్నదాని నుంచి తక్కువకి పేర్చండి. పదో పేపర్‌కి కనీసం పది సైటేషన్లుండి, పదకొండోదానికి పదకొండు లేకపోతే మీ హెచ్ పది. నాలుగు లైన్ల కోడ్.

కోడ్ రాసేటప్పుడు దాని వెనకున్న ఊహలు బయటపడతాయి. హెచ్ ఎప్పుడూ మీ పేపర్ల సంఖ్యని దాటలేదు. జీవితంలో అయిదే పేపర్లు రాసి, అయిదూ లోకాన్ని మార్చినా మీ విలువ అయిదు. మెచ్చుకుంటూ ఉదహరించినా, తిట్టడానికి ఉదహరించినా ఒకటే. ఎంఎంఆర్ టీకాని ఆటిజంతో ముడిపెట్టిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 1998 లాన్సెట్ పేపర్‌ని పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది. దానికి వెయ్యికి పైగా సైటేషన్లున్నాయి. చాలావరకు అది తప్పని చెప్పడానికే. నా నాలుగు లైన్లకి ఆ తేడా తెలీదు. పదహారుమంది కలిసి రాసినా పదహారుమందికీ పూర్తి మార్కులే. మొదటి పేరు చేతులతో పనిచేసినవాళ్ళది, చివరి పేరు ల్యాబ్ పెద్దది అనే బయోమెడికల్ ఆనవాయితీ కూడా దానికి పట్టదు. హిర్ష్ కూడా తర్వాత, 2020లో, ఈ కొలతకి తీవ్రమైన దుష్ఫలితాలు ఉండొచ్చని రాశాడు.

ఇదంతా సాంకేతికం. సరిచేయొచ్చు, సరిచేసిన రకరకాల ఇండెక్స్‌లూ ఉన్నాయి. నన్ను ఆపినది వేరే.

రాజమండ్రిలో మా మేనత్తకి కీళ్ళవాతం. వారానికొకసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటుంది. ఆ మందు ఒంట్లో ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకుంటుంది కనుక, దుష్ప్రభావాలు తగ్గడానికి మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్ మాత్ర. చీటీ మీద పైన ఒకటి, కింద ఒకటి. ఈ రెంటి వెనకా సుబ్బారావు ఉన్నాడు. హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దక్కక 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ కంపెనీకి వెళ్ళాక, అక్కడ ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. 1945 నాటి సైన్స్ పత్రిక పేపర్లో పదహారు పేర్లుంటాయి, ఆయనది మధ్యలో ఒకటి. తర్వాత అదే చోట ఫోలిక్ యాసిడ్‌ని అడ్డుకునే అమినోప్టెరిన్ తయారైంది, దాని వెనకే మెథోట్రెక్సేట్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి అమినోప్టెరిన్ ఇచ్చి, కొందరిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. కీమోథెరపీ చరిత్ర ఎవరు రాసినా ఆ పేపర్‌ని ఉదహరిస్తారు. అందులో అయిదుగురు రచయితలు, సుబ్బారావు లేడు. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్ళకి, ఆయన పోయాడు.

ఇంకొకటి. గోదావరి జిల్లాల్లో బోదకాలు ఎరగని ఊరు అరుదు. ఆ జబ్బుకిచ్చే డీఈసీ మాత్ర, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి ఎదురుగా మింగించే మాత్ర, అది కూడా 1947లో లెడర్లీ నుంచే వచ్చింది, ఆయన బృందం పనే. భీమవరం వీధుల్లో ఆ మాత్ర మింగినవాళ్ళెవరూ దాన్ని సైట్ చేయలేదు.

రాబర్ట్ మెర్టన్ అనే సమాజశాస్త్రవేత్త ఒక మాటన్నాడు. ఒక ఆవిష్కరణ అందరి పనిలో పూర్తిగా కలిసిపోతే, దాని మూలాన్ని చెప్పడం జనం మానేస్తారని. అంటే బాగా గెలిచిన పని లెక్కలోంచి మాయమవుతుంది. లెక్కలో మిగిలేది తరచూ పనిముట్లు. చరిత్రలో అత్యధికంగా సైటేషన్లున్న పేపర్ ఆలివర్ లౌరీ 1951లో ప్రొటీన్‌ని కొలిచే పద్ధతి గురించి రాసినది, మూడు లక్షలు దాటింది. అదేమంత గొప్ప పేపర్ కాదని లౌరీయే అన్నాడు, ఆ స్పందన చూస్తే లోపల సంతోషంగానే ఉంటుందనీ ఒప్పుకున్నాడు. సుబ్బారావుది కూడా అదే వరస. పద్ధతి పేపర్‌కి సైటేషన్లు, ప్రాణాలు నిలిపిన మందులకి కంపెనీ పేరు.

ఇక్కడిదాకా వచ్చినవాళ్ళు సాధారణంగా ‘కాబట్టి లెక్కలు మానేద్దాం’ అంటారు. సాహిత్యం చదివే మనలాంటివాళ్ళకి ఆ మాట మరీ రుచిస్తుంది. కవిని పుస్తకాల సంఖ్యతో తూస్తామా అని. కానీ ఆ మాట అనేవాళ్ళని గమనించండి, చాలామందికి ఉద్యోగం ఇప్పటికే పర్మనెంట్ అయి ఉంటుంది. లెక్క లేనప్పుడు ఏముండేది? ‘మనవాడు’ ఉండేవాడు. ఫలానా గారి శిష్యుడు, ఫలానా ఊరు, ఫలానా కులం. సుబ్బారావు పనిలో కొంత ఫిస్క్ అసూయ వల్ల వెలుగు చూడలేదని, తర్వాత వేరేవాళ్ళు దాన్నే మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందని చెప్పిన జార్జ్ హిచింగ్స్ ఎవరో కాదు. ఫిస్క్ దగ్గర చదువుకున్నవాడే, 1988లో నోబెల్ అందుకున్నాడు. పెద్దాయన సొరుగులో ఉండిపోయిన పనికి ఏ లెక్కా న్యాయం చేయలేదు. బయటికొచ్చిన పనికి మాత్రం ఒక్కోసారి లెక్కే సాక్ష్యం చెబుతుంది.

కలకత్తా డాక్టర్ శంభునాథ్ డే సంగతి చూడండి. కలరా సూక్ష్మజీవి కాదు, అది విడిచే విషమే విరేచనాలకి కారణమని, సూక్ష్మజీవుల్ని వడకట్టేసిన ద్రవంతో కుందేళ్ళ పేగుల్లో చూపించి 1959లో నేచర్ పత్రికలో రాశాడు. చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బతికున్నన్నాళ్ళూ మన దేశం ఆయనకి చెప్పుకోదగ్గ గౌరవమేదీ ఇవ్వలేదు. 1985లో పోయాడు. మరుసటి ఏడాది ఆయన గురించి పెద్ద వ్యాసం రాసింది ఎవరనుకున్నారు? గార్‌ఫీల్డ్. సైటేషన్లు లెక్కపెట్టే ఆ మనిషే. కలరా పరిశోధన అంతా ఎక్కడెక్కడ ముడిపడి ఉందో సైటేషన్లతో పటం గీసుకుంటూ పోతే దారులు ఈయన దగ్గరికి వచ్చాయి. ఆయన కోసం సిఫార్సు చేయడానికి ఎవరూ లేనిచోట అంకెలు మాట్లాడాయి.

తెలుగులో లెక్కించడం వేరు, లెక్కచేయడం వేరు. ‘నన్ను లెక్కచేయలేదు’ అంటే నన్ను కూడలేదు అని కాదు, నన్నొక మనిషిగా చూడలేదని. గార్‌ఫీల్డ్ డే విషయంలో మొదటిదాంతో మొదలుపెట్టి రెండోదాని దగ్గరికి వచ్చాడు. అంకె చూసి, ఆగి, ఆ పేపర్లు చదివాడు. మన కమిటీలు అంకె చూసి అక్కడే ఆగిపోతున్నాయి. లెక్క వల్ల కలిగే అన్యాయం ఇక్కడుందని నా అనుమానం. ఒక మనిషి పదేళ్ళ పనిని తూచే బాధ్యత మీద పడ్డవాడు, దాన్ని చదివే శ్రమని నాలుగు లైన్ల కోడ్‌కి అప్పగించి చేతులు దులుపుకోవడం. పరిశోధకుణ్ణి అచ్చయిన పత్రిక స్థాయితో కాకుండా పని స్వభావంతో తూచండని 2013లో వచ్చిన శాన్ ఫ్రాన్సిస్కో ప్రకటన అడిగింది కూడా దాదాపు ఇదే. వేల సంస్థలు సంతకం పెట్టాయి. సంతకానికి నిమిషం చాలు, చదవడానికి సాయంత్రాలు కావాలి.

మా ఆఫీసులోనూ ఈ జబ్బు ఉంది, అందుకే దీన్ని త్వరగా పోల్చుకోగలను. ఎన్ని టికెట్లు మూశావు, ఎన్ని కమిట్‌లు పెట్టావు. పాత కోడ్ చదివి అక్కర్లేని రెండువేల లైన్లు తీసేసినవాడు ఆ డ్యాష్‌బోర్డులో నష్టంలో కనిపిస్తాడు. అయితే మా డ్యాష్‌బోర్డు తప్పయితే ఒక అప్రైజల్ పోతుంది. బయోమెడికల్‌లో అంకె మనిషి చేత వేరే పనులు చేయిస్తుంది. మెడికల్ కాలేజీ టీచర్లకి ప్రమోషన్ కావాలంటే ఇన్ని పేపర్లుండాలని నిబంధన. పొద్దున్నుంచి ఓపీ చూసి, మధ్యాహ్నం క్లాసు చెప్పి, పరిశోధనకి ల్యాబూ నిధులూ లేని డాక్టర్ ఏం చేస్తాడు? డబ్బు కడితే వేసే జర్నల్‌లో వేయిస్తాడు. పక్క డిపార్ట్‌మెంట్ పేపర్లో తన పేరు పెట్టమంటాడు, ఈసారి నాది, వచ్చేసారి నీది. రోగిని బాగా చూసే ఆయన నైపుణ్యానికి ఆ పట్టికలో గడే లేదు.

స్నేహితురాలి ప్రశ్న ఇంతకంటే చిక్కుది. ఒక జబ్బుని ముందుగా పసిగట్టడానికి పనికొస్తుందని విదేశాల్లో ప్రకటించిన ఒక రక్తపరీక్ష, ఆమె సేకరించిన నమూనాల్లో పనిచేయలేదు. రెండేళ్ళు చూసింది, మళ్ళీ మళ్ళీ చూసింది. లేదంటే లేదు. ఇది రాయాలంటే ఆరు నెలలు. ‘పనిచేయలేదు’ అనే పేపర్‌ని పెద్ద జర్నళ్ళు అంత సులభంగా తీసుకోవు, తీసుకున్నా ఉదహరించేవాళ్ళు తక్కువ. ఆ ఆరు నెలల్లో ఇంకో ల్యాబ్‌తో కలిసి రెండు పేపర్లలో పేరు వస్తుంది, హెచ్ ఒకటైనా పెరుగుతుంది. కాంట్రాక్టు అయిపోవడానికి పద్నాలుగు నెలలే ఉంది. “రాయకపోతే నేనేమీ అబద్ధం చెప్పినట్టు కాదుగా?” అంది.

కాదు. అబద్ధం చెప్పినట్టు కాదు. కానీ వరంగల్‌లోనో ఢాకాలోనో ఇంకో అమ్మాయి అదే పరీక్షకి రెండేళ్ళు పెడుతుంది. ఆ రెండేళ్ళు ఎవరి ఖాతాలో పడతాయి? అలాగని ‘నువ్వు రాయి, ధర్మం’ అని నెలాఖరుకి ఠంచనుగా జీతం పడే నేను చెప్పడం ఎంత తేలిక! ధర్మం చేయమని చెప్పేవాడు దాని ఖర్చులో ఎంత పెట్టుకుంటాడు? ఆ మాటే ఆమెతో అన్నాను, సలహా మాత్రం ఇవ్వలేదు. ప్రోగ్రాం సరిచేసి పంపాను.

ఆమె రాసింది. రెండు జర్నళ్ళు వద్దన్నాయి, ప్రీప్రింట్‌గా పెట్టింది. పట్టికలో ప్రీప్రింట్లకి గడి లేకపోవడంతో ‘ఇతర వివరాలు’ కింద ఇరికించింది. ఏడాది దాటింది. ఇప్పటికి రెండు సైటేషన్లు. ఒకటి బ్రెజిల్ నుంచి, వాళ్ళకీ ఆ పరీక్ష పనిచేయలేదట. రెండోది ఆమె సొంతదే.