పదిమారులు మారిన జీతము

పఠనభాగము: ఆదికాండము 31వ అధ్యాయము, 36 నుండి 42 వచనములు



పత్తి ఏరు కాలము వచ్చెననగా బుధవారపు ప్రార్థన కూటమునకు వచ్చువారు తగ్గుదురు. అందుకు మేము ఎవరిని నిందింపము. తెల్లవారకమునుపే సద్ది కట్టుకొని పోయి, దినమంతయు నడుము వంచి, దీపములు పెట్టు వేళకు ఇల్లు చేరువారికి మోకాళ్లూనుటకైనను ఓపిక ఉండదు. అయినను గడచిన పత్తికాలములో ఒక సహోదరి కూటమునకు వచ్చి, అందరును వెళ్లిన తరువాత గుమ్మమునొద్ద నిలిచి, "అయ్యగారూ, మీతో ఒక మాట చెప్పుకోవాలి" అనెను.

ఆమె చెప్పినది ఇది. కిలోల లెక్కన కూలి. సాయంకాలము కాటా పెట్టువాడు ముఠా మేస్త్రి. బోరెము బరువని కొంత, మంచు తడియని కొంత తరుగు తీయును. ఆ తరుగు ఒకనాడు ఒక తీరుగాను, మరునాడు వేరొక తీరుగాను ఉండును. కాయ బాగుగా పగిలిన మునుములు తన వారికిచ్చి, పలుచని మునుములు తక్కినవారికి చూపును. ఇంత చెప్పి ఆమె తలవంచుకొని, "నా పక్క మునుము వదినతో నెల రోజులుగా మాటలు లేవు అయ్యగారూ. నా సాలులో చెయ్యి పెట్టి పత్తి లాగింది. అడిగితే మేస్త్రికి నా మీదే చెప్పింది" అనెను.

ఆ వదినయు మన సంఘములోనిదే. ఆ మేస్త్రియు మన సంఘములోనివాడే.

మేము ఆమెతో ఏమి చెప్పితిమి? "ఓర్చుకో అమ్మా, ప్రభువు చూస్తున్నాడు" అని చెప్పి, ప్రార్థించి పంపివేసితిమి. ఆ మాట అబద్ధము కాదు. కాని అంత సులువుగా అది మా నోట ఎందుకు వచ్చినదని ఆ రాత్రి మా మనస్సాక్షి మమ్మును అడిగెను. ఆ మేస్త్రి కోత పండుగకు అందరికంటె ముందుగా కానుక తెచ్చువాడు. అతని మనస్సు నొప్పించుట మాకు ఇష్టము లేకపోయెను. ప్రియులారా, ఓర్పును గూర్చి బోధించుట మంచిదే గాని, మన పిరికితనమును కప్పిపుచ్చుటకు ఎదుటివాని ఓర్పును అడుగుట మంచిది కాదు. కాబట్టి దీపము పెద్దది చేసి ఆదికాండము 31వ అధ్యాయము తెరచితిమి.

మొదటి మాట: దేవుడు తరుగు లెక్క కూడ చూచుచున్నాడు.

యాకోబు లాబానునొద్ద 20 సంవత్సరములు పని చేసెను. ఇద్దరు కుమార్తెల నిమిత్తము 14, మంద నిమిత్తము 6. పగలు ఎండ, రాత్రి మంచు, కంటికి నిద్ర లేదు. ఇంత చేసినను జీతము పది సార్లు మార్చబడెను. మృగములు చీల్చిన గొఱ్ఱె నష్టమును, దొంగలెత్తుకొనిపోయిన దాని నష్టమును కాపరియే పెట్టుకొనవలసి వచ్చెను.

ఇది ఆ కాలపు న్యాయమే అనుకొందుమా? బబులోను రాజైన హమ్మురాబి క్రీస్తుకు పూర్వము 18వ శతాబ్దములో రాతిమీద చెక్కించిన చట్టములు 1901-1902లో సూసా పట్టణపు శిథిలములలో దొరికినవి. సింహము దొడ్డిలోని పశువును చంపినయెడల కాపరి ప్రమాణముచేసి నిర్దోషి కావచ్చుననియు, నష్టము యజమానుడే భరింపవలెననియు వాటిలో ఉన్నది. తరువాత మోషే ధర్మశాస్త్రమును మృగము చీల్చిన దానికి కాపరి సొమ్ము చెల్లింపనక్కరలేదని చెప్పెను (నిర్గమకాండము 22:13). కాగా లాబాను తీసినది అన్యాయపు తరుగే. దానిని దేవుడు చిన్న సంగతియని విడిచిపెట్టలేదు. యాకోబు కష్టమును, అతని చేతుల పనిని చూచి, రాత్రివేళ లాబానుకు స్వప్నములో కనబడి గద్దించెను. కాటా ముల్లును చూచు కన్ను పైన ఒకటి ఉన్నదని కాటా పట్టువాడు ఎరుగవలెను.

రెండవ మాట: మన కోపము ఎటు పోవుచున్నదో చూచుకొనవలెను.

ఆ అధ్యాయపు మొదటి వచనములోనే లాబాను కుమారులు కనబడుదురు. తమ తండ్రి ఆస్తియంతయు యాకోబు తీసికొనెనని వారు సణిగిరి. జీతము మార్చినవాడు వారి తండ్రి. వారి కోపము మాత్రము తమతో కూడ మందలు కాచినవానిమీద. మత్తయి 20వ అధ్యాయములోని ద్రాక్షతోట పనివారును తమకు కుదిరిన కూలి చేత పట్టుకొనియే వెనుక వచ్చినవారిని చూచి సణిగిరి.

మన పొలములలోను ఇదే జరుగుచున్నది. మునుములు పంచినవానిని అడుగుటకు భయము. కాబట్టి పక్క మునుములోని వదినతో పగ. పత్తి నాలుగు గుప్పిళ్లు పోయెను. దానితోకూడ కూటములో ఒక్క చాపమీద కూర్చుండు ప్రేమయు పోయెను. ఈ రెండింటిలో ఏ నష్టము పెద్దదో ఎవరికి వారు తూచి చూచుకొనుడి.

మూడవ మాట: శుద్ధమైన చేతులతో, పదిమంది యెదుట అడుగవలెను.

యాకోబు మచ్చలేనివాడు కాడు. అన్నను మోసగించినవాడు. లాబానుకు చెప్పకుండ పారిపోయినవాడు. అయినను గిలాదు కొండలో పట్టుబడిన దినమున అతడు దైర్యముతో, తనవద్ద లాబాను సొత్తు ఏదైన ఉన్నయెడల ఇరువురి బంధువుల యెదుట పెట్టుమనియు, వారే తీర్పు తీర్చవలెననియు అడుగగలిగెను. మంద విషయములో అతనికి భయము లేకపోయెను గనుక అట్లు అడుగగలిగెను. మంచు ఆరకముందే పత్తి ఏరి బరువు పెంచువారు, బోరెము అడుగున మట్టిగడ్డ వేయువారు ఆలాగు అడుగలేరు. మన చేయి శుద్ధమైతే మన నోరు తెరచుకొనును.

అడుగుట సువార్తకు విరోధము కాదు. అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీలో అన్యాయముగా కొట్టబడిన తరువాత, అధికారులే వచ్చి తన్ను వెలుపలికి తీసికొనిపోవలెనని అడిగెను (అపొస్తలుల కార్యములు 16:37). మన దేశములో 1948లో కనీస వేతనముల చట్టమును, 1976లో స్త్రీ పురుషులకు సమాన వేతన చట్టమును చేయబడెను. ఆ న్యాయములు 2019లో చేసిన వేతనముల కోడ్‌లో చేర్చబడినవి. న్యాయమైన కూలి అడుగు సహోదరిని గయ్యాళియని ఎవరును పిలువకుందురు గాక.

ఇక జరిగినది చెప్పెదము. మేమును ఒక సంఘ పెద్దయు ఒక సాయంకాలము ఆ మేస్త్రి ఇంటికి వెళ్లితిమి. ప్రసంగములో సూటిపోటి మాటలాడక, మొదట ఒంటరిగా చెప్పవలెనన్నది ప్రభువు ఆజ్ఞ గదా (మత్తయి 18:15). అతడు మొదట కోపించెను. "రైతు నాకు తరుగు తీస్తాడు, రైతుకు కొనేవాళ్లు తీస్తారు, అయ్యగారికి నేనే కనబడ్డానా?" అనెను. అందులోను కొంత నిజమున్నది. పిమ్మట అతడు మా ముఖము చూచి, "ప్రహరీ గోడ కట్టిన తాపీ పనివాళ్ల కూలి సంఘం ఇచ్చిందా?" అని అడిగెను.

మాకు నోట మాట రాలేదు. లెక్కలు చూడలేదని, సంతకము కాలేదని మూడు వారములుగా ఆ కూలిని మేమే నిలిపియుంచితిమి. కూలివాని కూలి తెల్లవారువరకు మనయొద్ద ఉండరాదను ఆజ్ఞను (లేవీయకాండము 19:13) మేము బలిపీఠమునొద్ద చదివినవారమే. మరునాడే ఆ సొమ్ము చెల్లించి, ఆలస్యమునకు క్షమాపణ అడిగితిమి. ఆ తరువాతనే ఆ మేస్త్రి ఇంటికి మరల వెళ్లుటకు మాకు ముఖము వచ్చెను.

ఇప్పుడు ఖాళీ బోరెమును అందరి యెదుట తూచుచున్నారు. మునుములకు చీట్లు వేయుచున్నారు. చీట్లు వివాదమును మాన్పునని జ్ఞానియైన సొలొమోను చెప్పియున్నాడు గదా. తడి తరుగు తగవు ఇంకను తీరలేదు. ఆ సహోదరీలిద్దరు ఇంకను వేరువేరు చాపలమీదనే కూర్చుండుచున్నారు. అయితే గత ఆదివారము ఒకరి బిడ్డకు జ్వరమని తెలిసి, ఆ రెండవ ఆమె తానై లేచి ప్రార్థించెను. దానిని బట్టి దేవుని స్తుతించితిమి.

ప్రియులారా, వచ్చు నెల మొదటి ఆదివారము ప్రభురాత్రి భోజన సంస్కారము. బల్లయొద్దకు వచ్చుటకు ముందు ఎవరి కాటా వారు సరిచూచుకొందము. ఇయ్యవలసిన కూలి యున్నవారు శనివారము సాయంకాలమునకే ఇచ్చివేయుడి. అడుగవలసినది యున్నవారు సాత్వికముతో, భయపడక అడుగుడి. పక్క మునుమువారితో మాట లేనివారు మీరే మొదట పిలువుడి.

ప్రార్థన: మా కష్టమును చూచు తండ్రీ, అన్యాయము పొందినప్పుడు మా హృదయములు చేదెక్కకుండ కాపాడుము. అన్యాయము చేసినప్పుడు మా కన్నులు తెరువుము. మా చేతులను, మా కాటాను, మా నోటిని నీవే సరిచేయుము. వడ్రంగి పని చేసిన నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున వేడుచున్నాము. ఆమేన్.