“నీ ఇష్టం” అని కృష్ణుడు ఎలా అన్నాడు?

ఈ వారం వీడియోలో గీత 18వ అధ్యాయం చెప్పుకున్నాం కదా. అందులో 63వ శ్లోకం దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగాను. ఎందుకు ఆగానో పూర్తిగా చెప్పే టైమ్ దొరకలేదు. ఇక్కడ చెప్తాను, ముఖ్యంగా ఇంట్లో కౌన్సెలింగ్ టెన్షన్ నడుస్తున్నవాళ్ల కోసం.

ఆ శ్లోకం భావం ఇది. రహస్యాల్లోకెల్లా రహస్యమైన జ్ఞానం నీకు చెప్పేశాను, దాన్ని ఏదీ వదలకుండా ఆలోచించుకో, తర్వాత నీకు ఎలా తోస్తే అలా చెయ్యి. మన మాటల్లో చెప్పాలంటే, “నీ ఇష్టం”.

ఈ మాట మనకు కొత్తదేం కాదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో కింద నడిస్తే రెండువైపులా కోచింగ్ బోర్డులు, హాస్టల్ బోర్డులు, ర్యాంకర్ల ఫొటోలు. వాటి వెనక సందుల్లో ఉన్న అపార్ట్‌మెంట్లలో రిజల్ట్స్ వచ్చాక రోజూ వినిపించే మాట ఇదే. కాకపోతే స్వరం వేరు. “నీ ఇష్టం! మేం చెప్తే ఎప్పుడైనా విన్నావా?” అని కంచం పక్కకి నెట్టి అంటారు. “నీ ఇష్టం, రేపు మా దగ్గరకొచ్చి ఏడవకు” అని టీవీ సౌండ్ పెంచుతూ అంటారు.

మాట ఒక్కటే. కృష్ణుడు అంటే అర్జునుడు నిలబడ్డాడు. మన ఇంట్లో అంటే పిల్లలు గదిలోకెళ్లి తలుపేసుకుంటున్నారు. తేడా ఎక్కడుంది?

నాకు అర్థమైనంతలో, తేడా ఆ మాటకి ముందు జరిగినదాంట్లో ఉంది.

మొదటి అధ్యాయం మళ్లీ చూడండి. అందులో కృష్ణుడు మాట్లాడింది ఒక్కటే మాట, ఇక్కడ చేరిన కౌరవులను చూడు అని. ఆ తర్వాత అంతా అర్జునుడే. చేతులు వణుకుతున్నాయంటాడు, గాండీవం జారిపోతోందంటాడు, నాకు ఈ రాజ్యం వద్దంటాడు. కృష్ణుడు మధ్యలో అడ్డుపడడు. పక్కింటివాడితో పోల్చడు. ఆ భయాన్ని మొత్తం బయటికి రానిస్తాడు. మన పెద్దలు ఆ ఏడుపుకి కూడా యోగం అనే పేరు పెట్టారు, విషాదయోగం అని.

మా అక్క కూతురు ఈమధ్యే ఈ దశ దాటింది. 2024 నుంచి పరీక్ష పేరు ఈఏపీసెట్ అయినా వాళ్లింట్లో ఇంకా ఎంసెట్టే. మూడు గంటలు, 160 ప్రశ్నలు, అది అయిపోయింది. అసలు యుద్ధం వెబ్ ఆప్షన్ల దగ్గర మొదలైంది. ఆ పిల్లకి సివిల్ ఇంజనీరింగ్ కావాలి. రాష్ట్రంలో సగానికి పైగా సీట్లు సీఎస్ఈ, దాని అనుబంధ బ్రాంచ్‌లవే, అందరూ అటే పోతుంటే నీకేమైంది అని బావ. కన్వీనర్ కోటా 70 శాతంలో కోరుకున్న కాలేజీలో సీఎస్ఈ రాకపోతే మిగతా 30 శాతం మేనేజ్‌మెంట్ కోటాలో కొందామని ఆయన ప్లాన్. దానికోసం అక్క గొలుసు తాకట్టు పెట్టాలనుకున్నారు. ఆ సంగతి పిల్లకి మాత్రం చెప్పలేదు.

“రహస్యమైన జ్ఞానం” అన్న మాట నాకు అక్కడే గుర్తొచ్చింది. మన మధ్యతరగతి ఇంట్లో అన్నిటికంటే పెద్ద రహస్యం డబ్బు. ఎంత ఉంది, ఎంత అప్పు, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎంత వస్తుంది, మిగతాది ఎక్కడ్నుంచి తేవాలి, ఇవేవీ పిల్లలకి చెప్పం. వాళ్లు బాధపడతారని దాస్తాం. అన్నీ దాచి నిర్ణయం మాత్రం తీసుకోమంటే, లేదా మనమే తీసేసుకుని తర్వాత “నీకోసం ఎంత చేశామో తెలుసా” అంటే, అది జ్ఞానం ఇవ్వడం కాదు, బిల్లు ఇవ్వడం.

అక్క ఒకరోజు రాత్రి తెల్లకాగితం మీద లెక్కంతా రాసి కూతురి ముందు పెట్టింది. ఆ పిల్ల చాలాసేపు చూసి, “నా కోసం గొలుసు పెట్టొద్దమ్మా” అంది. ఆ తర్వాత తనకు సివిల్ ఎందుకు కావాలో మొదటిసారి అరవకుండా చెప్పింది. బావ మొదటిసారి పూర్తిగా విన్నాడు. కన్వీనర్ కోటాలో సివిల్ సీటు వచ్చింది. అది మంచి నిర్ణయమా కాదా అనేది నాలుగేళ్లయ్యాక గానీ తెలీదు. ఇంట్లో అరుపులు మాత్రం ఆ రాత్రితో ఆగాయి.

ఇక్కడొక చిన్న విషయం తెలిస్తే సగం గొడవలు ఉండవు. వెబ్ ఆప్షన్లలో పై నుంచి కిందికి చూస్తూ, మీ ర్యాంకుకి, కేటగిరీకి దొరికే మొదటి సీటు ఇస్తారు. అంటే మీకు నిజంగా ఇష్టమైనదాన్ని పైన పెడితే, అది రాకపోయినా కిందిదానికి ఏ నష్టమూ లేదు. వస్తుందో రాదో అని భయపడి ఇష్టాన్ని కిందికి నెట్టక్కర్లేదు. నాన్న చెప్పినవీ లిస్టులో ఉండొచ్చు, నీవీ ఉండొచ్చు. వరుస మాత్రం కూర్చుని మాట్లాడుకుని పెట్టాలి. ఫ్రీజ్ నొక్కే వేలు చదవబోయేవాళ్లదై ఉండాలి.

“చివరికి అర్జునుడు కృష్ణుడు చెప్పిందే చేశాడుగా?” అని మీరు అడగొచ్చు. నిజమే. కానీ ఎలా చేశాడు? 73వ శ్లోకంలో తన మోహం పోయిందంటాడు, సందేహాలు తీరాయంటాడు, ఆ తర్వాతే నువ్వు చెప్పినట్టు చేస్తానంటాడు. ప్రశ్నలన్నీ అడిగాక వచ్చిన ఒప్పుకోలు అది. భయపడి తలూపడం కాదు. పెద్దల మాట వినడం తక్కువేం కాదు, అర్థమయ్యాక వింటే. అలాగే, లోపల ఉన్నది చెప్పకుండా ఫోన్ చూస్తూ కూర్చుంటే మనం అర్జునుడి పని చెయ్యనట్టే. అడగడం మన ధర్మం.

మొక్కుల గురించి ఒక మాట. గురువారం దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడిలో దణ్ణం పెట్టుకోవడం, చిలుకూరు వెళ్లి 11 ప్రదక్షిణలు చేసి కోరిక తీరాక 108 చెయ్యడం మన ఇళ్లలో మామూలే. మంచిదే. కానీ “నీకోసం 108 తిరగాలి, కాళ్లు అరిగిపోవాలి” అని పిల్లలకి వినిపిస్తే, దేవుడి దగ్గర దించుకోవాల్సిన బరువు పిల్లల నెత్తికెక్కుతుంది. మొక్కు అమ్మకీ దేవుడికీ మధ్య ఉంటేనే అందం.

ఫలితం మన చేతిలో లేదన్న మాటని వేదాంతం అని కొట్టెయ్యకండి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది. మళ్లీ చూస్తే 99. ఆ తప్పుల గందరగోళం మధ్య కొన్ని ఇళ్లు పిల్లల్నే పోగొట్టుకున్నాయి. కాగితం మీది అంకె తప్పు కావచ్చు, ఒప్పు కావచ్చు. ఎదురుగా కూర్చున్న బిడ్డ ఆ అంకె కాదు. మనసు మరీ బరువెక్కితే 14416కి ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబర్, ఉచితం. సారథిని అడగడానికి అర్జునుడే సిగ్గుపడలేదు.

కృష్ణుడు పగ్గాలు పట్టుకున్నాడు, దారి చూపించాడు, యుద్ధమంతా రథం మీదే ఉన్నాడు. బాణం మాత్రం అర్జునుడినే వెయ్యనిచ్చాడు. ఈ రాత్రి ఇంట్లో ఎవరైనా “నీ ఇష్టం” అంటే, “సరే, ముందు అన్నీ మాట్లాడుకుందాం, కూర్చో నాన్నా” అని చూడండి.

శుభం భూయాత్.