పండుగ బజారులో కరిగిపోతున్న పది రాత్రులు



రమజాన్ చివరి పది రోజులు రాగానే మన ఇళ్ల తీరే మారిపోతుంది. అసర్ నమాజు ముగియగానే రామతీర్థం, నెల్లిమర్ల వైపు నుంచి ఆటోల మీద, మోటారు సైకిళ్ల మీద కుటుంబాలు విజయనగరం బజారుకు బయలుదేరతాయి. బట్టల దుకాణం మెట్ల మీదే రెండు ఖర్జూరాలతో ఇఫ్తార్ అయిపోతుంది. తరావీహ్ వేళకు టైలరు దగ్గర తగాదా నడుస్తూ ఉంటుంది. హైదరాబాదులో పత్తర్‌గట్టీ, లాడ్‌బజార్ల రద్దీ సహరీ వేళ దాకా సాగుతుందని అందరికీ తెలిసిందే. సంక్రాంతికి కొత్త అల్లుడు వచ్చే ఏడాది మన పొరుగు హిందూ సోదరులు పడే అవస్థ కూడా ఇంచుమించు ఇదే. కాకపోతే మన బజారు పరుగు సరిగ్గా ఆరాధనా రాత్రుల మీదనే వచ్చి పడుతోంది.

ఈ పది రాత్రుల్లో దైవప్రవక్త (స) నడుం బిగించి, రాత్రంతా మేల్కొని, ఇంటివారిని కూడా మేల్కొలిపేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు. మనమూ మేల్కొంటున్నాం, ఇంటివారినీ మేల్కొలుపుతున్నాం. కానీ ఎందుకోసం? వెయ్యి నెలలంటే 83 సంవత్సరాల 4 నెలలు. అంతకన్నా శ్రేష్ఠమైన రాత్రిని మ్యాచింగ్ గాజులు వెతకడంలో పోగొట్టుకోవడం ఎంతటి నష్టం!

పండుగకు మంచి బట్టలు ధరించడాన్ని ధర్మం కాదనలేదు. హజ్రత్ ఉమర్ (రజి) బజారులో ఒక పట్టు అంగీ చూసి, పండుగకూ ప్రతినిధి బృందాలు వచ్చినప్పుడూ ధరించడానికి కొనమని దైవప్రవక్త (స)ను కోరారు. ఆయన (స) నిరాకరించింది పట్టు వస్త్రం కాబట్టే తప్ప, పండుగ అలంకరణను కాదని ధర్మవేత్తలు వివరించారు. కాబట్టి ప్రశ్న బట్టల గురించి కాదు.

గత రమజాన్‌లో ఒక సోదరుడు మా దగ్గరకు వచ్చాడు. పిల్లల బట్టల కోసం 10,000 రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. నెలకు 300 చొప్పున మళ్లీ పండుగ వచ్చేసరికి వడ్డీయే 3,600! అసలు అలాగే ఉంటుంది. (పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకే వస్తుంది కూడా.) వడ్డీ హరామని మేము చెప్పబోయాం. అతను తల వంచుకుని, "తెలుసు మౌలానా గారూ. ఈద్‌గాహ్ దగ్గర అందరి పిల్లల మధ్య నా కూతురు పాత బట్టలతో నిలబడితే ఏం చెప్పుకోమంటారు?" అన్నాడు.

ఫత్వా మా నాలుక చివరే ఉంది. కానీ అతనడిగింది ఫత్వా కాదు. పాత బట్ట కట్టుకోవడం సిగ్గుచేటని ఆ పాపకు నేర్పిందెవరు? బజారు ఒక్కటే కాదు. "ఈసారి ఎంత పెట్టి కొన్నావమ్మా?" అని పండుగ రోజు పలకరించే మనమే. వడ్డీకి తెచ్చిన పాపం అతనిదే, సందేహం లేదు. అయితే అతన్ని ఆ గుమ్మం దాకా నెట్టిన పాపంలో మన వాటా ఎంత?

స్త్రీలను కూడా పండుగ నమాజుకు తీసుకురమ్మని దైవప్రవక్త (స) ఆదేశించినప్పుడు, పైవస్త్రం లేని స్త్రీ ఏం చేయాలని హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి) అడిగారు. ఆమెను ఇంట్లో ఉండిపొమ్మనలేదు, ఎలాగైనా కొనుక్కోమనీ అనలేదు. తోటి సోదరి తన వస్త్రాన్ని ఆమెకు ఇవ్వాలన్నారు. అంటే ఆ రోజు ఈద్‌గాహ్‌కు అరువు వస్త్రంతో రావడం అవమానం కాదు. బాధ్యత ఉన్నది వస్త్రం ఉన్నవారి మీద.

ఇక మా వంతు లోపం కూడా ఒప్పుకోవాలి. ఫిత్రా గురించి మేము పండుగకు ఒకటి రెండు రోజుల ముందే గట్టిగా చెబుతాం. అప్పటికి పేదవాడు వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్లి వచ్చేసి ఉంటాడు. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం ఫిత్రాను రమజాన్‌లో ముందుగానే ఇవ్వవచ్చు. జకాత్‌కూ చివరి రాత్రి దాకా ఆగనవసరం లేదు. జకాత్ హక్కుదారులలో రుణగ్రస్తులను కూడా ఖుర్ఆన్ పేర్కొన్నది. ఆ సోదరుని అసలు జకాత్ సొమ్ముతో తీరింది గానీ, అప్పటికే మూడు నెలల వడ్డీ 900 రూపాయలు కట్టేశాడు. ఈసారి మొదటి జుమాలోనే ఈ మాట చెప్పాలని మేము నిశ్చయించుకున్నాం.