నీడ యడగిన మధ్యాహ్నము

జూన్ 21వ తేదీ మధ్యాహ్నమున ఒమాను దేశపు మత్రా రేవునొద్ద నిలిచిన మనుష్యుని నీడ యతని పాదముల క్రిందనే యడగిపోవును. ఏలయన, కర్కటరేఖకు కొలదిగ నుత్తరమున, సుమారు 23.6 డిగ్రీల యక్షాంశమున నున్న యీ పట్టణమునకు ఆనాడు సూర్యుడు దాదాపు నడినెత్తిని వచ్చును. తెలుగునాటను, దూరమందలి జమైకాలోను, అదే దినమున మధ్యాహ్నసూర్యుడు నడినెత్తి దాటి యుత్తరమునకు జరిగియుండును. మన పంచాంగములు దక్షిణాయనమును జులై నడుమ లెక్కించును గాని, ఆకాశమందలి మలుపు ఈ దినమే.

తెలుగునాటను జమైకాలోను సూర్యుడొక్కరీతిగ జరిగిన యిట్టి దినమున మిత్రులతో గూడి జమైకా వంటలను పంచుకొనుట పూజయగునా, వట్టి విందగునా? విస్తరిలోనివి చూడుడు. కొబ్బరిపాలతో నుడికించిన యన్నమున గలిసిన గింజలు, జమైకావారు గుంగో యనునవి, మన కందులే. మేకమాంసపు కూరలోని మసాలా, 1845 మొదలుకొని ఒప్పందపు కూలీలుగ నోడలెక్కిన భారతీయులు వెంట గొనిపోయినది. ఉప్పుచేపతో వండు అకీ పండు పడమటి ఆఫ్రికానుండి బానిసల యోడలు నడచిన కాలమున సముద్రము దాటినది. ఎంత దుఃఖము మోసిన యన్నమిది!

తైత్తిరీయోపనిషత్తున భృగువు తొలుత నన్నమే బ్రహ్మమని యెఱిగి, ప్రాణమును, మనస్సును, విజ్ఞానమును దాటి యానందమును జేరును. కావున నన్నము క్రింది మెట్టని పలువురు తలంతురు. నాకట్లు తోపదు, ఏలయన, ఆ శిఖరము జేరిన వెనుక నుపనిషత్తు మరల నన్నమునకే దిగివచ్చి, దానిని నిందింపరాదనియు, వసతి గోరి వచ్చినవానిని త్రోసిపుచ్చరాదనియు విధించుచున్నది. ఆ పంక్తిభోజనము పూజయే. మత్రాలోని తెలుగువారలారా, రాబోవు జూన్ 21న దూరదేశపు మిత్రునకు మీ పంక్తిని ఒక విస్తరి వేయుడు.