నేల కనబడకుండానే కుండ లేదనడం

మూడేళ్ల కిందట నేను రాసిన నాలుగు లైన్ల కోడ్ ఇప్పటికీ గుర్తొస్తుంటుంది. ఆసుపత్రులు వాడే సాఫ్ట్‌వేర్. కొత్త వెర్షన్‌లో రోగుల అలర్జీలకి విడిగా ఒక టేబుల్ పెట్టాం. అప్‌గ్రేడ్ నడుస్తున్న కాసేపు ఆ టేబుల్ ఉండదు, కోడ్ మాత్రం దాన్ని అడుగుతుంది. పేజీ మొత్తం కూలిపోకూడదు కదా అని, టేబుల్ లేదన్న ఎర్రర్ వస్తే ఖాళీ జాబితా పంపమని రాశాను. రివ్యూలో మెచ్చుకున్నారు కూడా.

ఒకచోట అప్‌గ్రేడ్ సగంలో ఆగిపోయింది. పాత కాలమ్‌లో వివరాలన్నీ క్షేమంగానే ఉన్నాయి, కొత్త కోడ్ అటు చూడదు. తెరమీద ‘అలర్జీలు: ఏమీ లేవు’ అని వచ్చింది. ఆ మనిషికి పెన్సిలిన్ పడదు. కాగితం ఫైల్లో ఎర్ర ఇంకుతో రాసి ఉండటం నర్సు చూసింది కాబట్టి సరిపోయింది.

అన్నంభట్టు తర్కసంగ్రహం అభావాన్ని నాలుగు రకాలు చేస్తుంది. కుండ తయారవకముందు లేకపోవడం ప్రాగభావం, పగిలాక లేకపోవడం ప్రధ్వంసాభావం. (మిగతా రెండింటితో ఇక్కడ పనిలేదు.) మైఎస్‌క్యూఎల్‌కి ఈ తేడా పట్టదు. ఇంకా పుట్టని టేబుల్‌కీ, ఎవరో చెరిపేసిన టేబుల్‌కీ అదే 1146 ఎర్రర్. ‘క్రియేట్ టేబుల్ ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్’ అని రాసి చేతులు దులుపుకోవడం ఇంకా ఘోరం. పెంకులు ఊడ్చేసి, ఆ చోట కొత్త కుండ పెట్టి, ఏమీ జరగలేదన్నట్టు నిలబడటం.

నన్ను పట్టుకున్నది మాత్రం నైయాయికుల ఇంకో మాట. నేలమీద కుండ లేదని చూసి చెప్పాలంటే ముందు నేల కనబడాలి. ఖాళీ టేబుల్ అంటే కుండ లేని నేల. టేబులే లేకపోతే అసలు నేలే లేదు. ‘తెలీదు’ అనాల్సిన చోట నా కోడ్ ‘లేదు’ అంది, అదీ ఎంతో మర్యాదగా.

అలాగని పేజీని కూలనివ్వడమూ న్యాయం కాదు. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకి మందుల జాబితా అయినా కనబడాలి. అందుకే ఇప్పుడు పేజీ తెరుచుకుంటుంది, అలర్జీల దగ్గర మాత్రం ‘సమాచారం అందలేదు, ఫైల్ చూడండి’ అని ఎర్రగా వస్తుంది. అప్‌గ్రేడ్ పూర్తయిందని వెర్షన్ నంబర్ చెప్తున్నా టేబుల్ లేకపోతే, మా ఫోన్లు మోగుతాయి.

డెమోలో ఆ లైన్ చూసి, కస్టమర్లు భయపడతారేమో, ఎరుపు కాస్త తగ్గించగలవా అని అడిగారు. తగ్గించలేదు. ఆ టికెట్ ఇంకా నా పేరుమీదే ఉంది.