దోషము పశువుదా, మేపువానిదా?

పశువులు భూమికి మేలు చేయునా, కీడు చేయునా యని మొన్న మా తరగతిలో నొక బాలుడు మమ్ము ప్రశ్నించెను. వాని తండ్రి గొఱ్ఱెల కాపరి. ఊరి బీడు పాడగుటకు గొఱ్ఱెలే కారణమని యెవ్వరో వానితో ననిరట. ఇట్టి ప్రశ్నకే తొందరపడి యుత్తరము చెప్పిన యొక పండితుని కథను ముందు వినిపించి, పిమ్మట మా యభిప్రాయమును మనవి చేసెదము.

అలన్ సేవరీ యనునాయన 1935లో దక్షిణ రొడీషియాలో, అనగా నేటి జింబాబ్వేలో, జన్మించెను. ప్రకృతిశాస్త్రములు చదివి, వన్యమృగ రక్షణకై ప్రత్యేకించిన ప్రదేశములలో పని చేయుచు, అచ్చటి నేల నానాటికి చెడుట కనిపెట్టెను. ఏనుగులు మితిమీఱుటయే దీనికి హేతువని యాయన నిశ్చయించెను. ప్రభుత్వము నియమించిన నిపుణులును ఔననిరి. తరువాతి సంవత్సరములలో, ఆయనయే చెప్పిన లెక్క చొప్పున, 40,000 ఏనుగులు తుపాకులకు బలియయ్యెను. నేల బాగుపడలేదు సరిగదా, మఱింత చెడెను. తన జీవితమున నింతకు మించిన ఘోరమైన పొరపాటు లేదని 2013లో సభాముఖమున నాయన యొప్పుకొనెను.

మన తర్కశాస్త్రము హేతునిర్ణయమునకు అన్వయ వ్యతిరేకములు రెండును కావలెనని బోధించును. ఏనుగులున్నచోట నేల చెడియుండుట అన్వయము. ఏనుగులు లేనిచోట నేల చెడకుండుట వ్యతిరేకము. ఆ పండితులు మొదటిదానిని మాత్రము చూచి తీర్పు చెప్పిరి. రెండవది తేలునప్పటికి ప్రాణములు పోయినవి.

మఱి నిజమైన హేతువెయ్యది? ఫ్రాన్సు దేశీయుడగు ఆంద్రే వాయిసిన్ 1957లో ప్రకటించిన గ్రంథమున దీనిని చక్కగా విశదపఱచెను. పశువు కొఱికిన గడ్డి, వేళ్లలో దాచుకొన్న సత్తువతో మరల చిగిర్చును. ఆ చిగురు బలపడకమునుపే మరల కొఱకబడినచో వేరు కృశించును. నేల బట్టబయలై వాననీటిని నిలుపజాలదు. కావున పశువులెన్ని యనుటకంటె, అవి యెంతకాల మొకచోట నిలిచినవి, ఎంతకాలమునకు తిరిగివచ్చినవి యనునదియే ముఖ్యము. మందను దగ్గఱగా గూర్చి, త్వరగా కదల్చి, గడ్డి కోలుకొనువఱకు ఆ చోటికి రానీయకున్నచో, పేడయు మూత్రమును నేలకు బలమిచ్చును. సేవరీయు పిమ్మట నీ మార్గమునే పట్టెను.

అయితే ఆయన యంతటితో నాగలేదు. లోకములోని పచ్చికబయళ్లలో సగమింట నిట్లు మేపినచో, గాలిలో పెరిగిన బొగ్గుపులుసు వాయువు యంత్రయుగమునకు పూర్వపు స్థితికి దిగునని చాటెను. శాస్త్రజ్ఞులు పెక్కురు దీని నంగీకరింపరు. ఆక్స్‌ఫర్డులోని పరిశోధకులు 2017లో ప్రకటించిన నివేదిక ప్రకారము, అనుకూలముగా లెక్కించినను, మంచి మేపువలన నేలలో నిలుచునది ఆ పశువులవలన గాలిలో చేరు హానికర వాయువులలో నూటికి 20 మొదలు 60 పాళ్లు మాత్రమే. అదియు శాశ్వతము కాదు. కొన్ని దశాబ్దములకు నేల నిండును. పశువు నెమరువేయుటలో వెడలు వాయువు మాత్రము పశువున్నంతకాలము వెడలుచునే యుండును.

తప్పు నొప్పుకొనుట ఉత్తమగుణము. అందుకై సేవరీని గౌరవింతుము. కాని పశ్చాత్తాపము ప్రమాణము కాదు. నిన్న ఏనుగును దోషిగా నిలిపిన తొందరయే నేడు ఆవును రక్షకురాలిగా నిలుపవచ్చును. రెండింటను మనుష్యుడు తన బాధ్యతను జంతువుపై మోపుచున్నాడు.

ఇక మా బాలుని మాట. బీటికి విశ్రాంతి నిమ్మని కాపరికి బోధించుట సులభము. మంద నొకవైపున నిలిపి వేఱొకవైపు బీడు విడువవలెనన్న, వేఱొకవైపనునది యుండవలెను గదా! మా ప్రాంతమున బీళ్లు కొన్ని పొలములలో కలిసిపోయినవి. కొన్నింటికి కంచెలు పడినవి. మిగిలిన మూరెడు నేలపై ఊరి గొఱ్ఱెలన్నియు దినదినమును నిలువవలసివచ్చినప్పుడు, గడ్డి కోలుకొనునది యెప్పుడు? బీటిని పంచుకొన్నవారు మౌనముగా నుండ, నిందను గొఱ్ఱె మోయుట న్యాయమా?

నీ తండ్రి దోషి కాడని మేము వానితో చెప్పితిమి. దోషులెవ్వరో చెప్పవలసిన పని మాత్రము మా పెద్దలమీదనే యున్నది. చదువరులు విచారింతురు గాక.